పచ్చ అంచుతో కట్టిన మూట

నేను సముద్రాన్ని చూడలేదు. ఇంత వయసు వచ్చినా చూడలేదు, ఇక చూస్తానన్న ఆశ కూడా లేదు. కొల్లాపూర్ దగ్గర మా ఊరు. నేను చూసిన పెద్ద నీళ్లంటే కృష్ణ నీళ్లే. అయినా సముద్రంలో బతికే జీవాలకు నా చేతి మీదుగా ఏం కీడు జరిగిందో నాకు తెలుసు. ఆ సంగతి నాకు తెలిసేలా చేసినవాళ్లు ఇద్దరు. ఒకరు నా మనుమరాలు. ఇంకొకరు ఏటి ఒడ్డున చేపలు పట్టే ఆడమనిషి, ఆమె పేరు కూడా నేను అడగలేదు. వాళ్లిద్దరి మేలు తలచుకోవడానికే ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకా. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఊళ్లోకి ప్లాస్టిక్ కవర్లు విరివిగా రావడం మొదలైంది. అంతకు ముందు అంగడికి పోతే చేతిసంచి, నూనెకు సీసా, బెల్లానికి కాగితం. ఉన్నట్టుండి ప్రతి దుకాణంలో కవరు చేతికిచ్చేవాళ్లు, అదీ ఊరికే. ఊరికే వచ్చినదాన్ని పారేసే బుద్ధి నాకు లేదు. ప్రతి కవరునూ కడిగి, లోపలి భాగాన్ని బయటికి తిప్పి, దండెం మీద ఆరవేసేదాన్ని. మడతపెట్టి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. పక్కింటి కోడలు నన్ను అత్తా అని పిలిచేది, వరసకు కాదు, అలవాటుకు. ఆమె గోడ మీది నుంచి తొంగిచూసి, "అత్తా, నీ దండెం మీద చీరల కంటె కవర్లే ఎక్కువున్నయి. పండుగకు అవే కట్టుకుంటవా ఏంది?" అనేది. నవ్వితే నవ్వుకోనీ అని నా పని నేను చేసుకునేదాన్ని.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. దేవుడికి పెట్టిన పూలు వాడిపోయినా చెత్తలో వేయకూడదు. కాళ్ల కింద పడకూడదు. కాలిన వత్తుల కొసలు, పాత సంవత్సరం క్యాలెండర్ మీది దేవుడి బొమ్మ, పగిలిన పటం, ముత్తైదువుల పగిలిన గాజులు, ఇవన్నీ ఏడాది పొడుగునా ఒక మూల కూడబెట్టి, కార్తీక పౌర్ణమికి కృష్ణకు స్నానానికి పోయినప్పుడు నీళ్లలో వదలాలి. మా అత్త వాటిని పాత ధోవతి ముక్కలో మూటకట్టి, మూటతో సహా వదిలేది. అత్త పోయాక ఆ పని నాకు వచ్చింది. మొదటి ఏడాదే నాకు మనసొప్పలేదు. ధోవతి ముక్కను నీళ్లపాలు చేయడం దేనికి? అది బొంతకు పనికొస్తుంది, వత్తులకు పనికొస్తుంది, పొయ్యి దగ్గర మసిబట్టకైనా పనికొస్తుంది. అందుకని గుడ్డను ఇంట్లో ఉంచుకొని, పూజ సామానును కవర్లో పోసి వదలడం మొదలుపెట్టాను.

మూతిని గట్టిగా కట్టడానికి మంచి తాడు కావాలి. నా దగ్గర ఒక గద్వాల చీర ఉండేది, బిడ్డ పెళ్లికి కొన్నది. నూలు చీర, పచ్చ పట్టు అంచు, అంచు మీద చిన్న మామిడిపిందెలు. కట్టీ కట్టీ చీర ఒళ్లంతా చిరిగింది గానీ అంచుకు ఏమీ కాలేదు. ఆ అంచును వేలెడు వెడల్పు ముక్కలుగా చీల్చి పెట్టుకున్నాను. కవరు మూతిని మెలిపెట్టి, వెనక్కి మడిచి, దాని మీద ఆ పచ్చ ముక్కతో మూడు ముడులు వేసేదాన్ని. నీటి బొట్టు లోపలికి పోదు. దేవుడి పూలు బురదలో కలవవు, ఎవరి కాళ్ల కిందా పడవు, గుడ్డ మిగులుతుంది. ఇంత మంచి ఉపాయం అత్తకు తోచలేదే అని గర్వపడ్డాను. నేను గర్వపడితే నా దగ్గరే ఉంచుకునే రకం కాదు. వీధిలో ఆడవాళ్లందరికీ నేర్పాను. రెండేళ్లలో మా వీధి నుంచి కార్తీక పౌర్ణమికి పోయే ఒక్క మూటకు కూడా గుడ్డ లేదు. అన్నీ కవర్లే.

నా బిడ్డ అత్తగారిది పాన్‌గల్ దిక్కు చిన్న పల్లె. అక్కడ పెద్ద బడి లేదని మనుమరాలిని నా దగ్గర ఉంచారు. అప్పుడు ఏడో తరగతి. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఆ ఏడాది వనపర్తిలో బడిపిల్లలు చేసిన వస్తువులతో ఎగ్జిబిషన్ పెడుతున్నారు, ఒక్కో బడి నుంచి ఒక్కటే పంపిస్తారు. మా పిల్లకు అక్కడికి పోవాలని ప్రాణం. అంతవరకు అది వనపర్తి చూసింది బస్సు కిటికీలో నుంచే.

ఒకనాడు నేలమీద పెద్ద చార్టు పరిచి బొమ్మ గీస్తోంది. చూస్తే తాబేలు.

"ఏందే గది?" అన్నాను.

"సముద్రపు తాబేలు అవ్వా. కవరు తిని సస్తున్నది."

"దానికి తిండికి కరువొచ్చిందా, కవరు తినేటందుకు?"

"నీళ్లల్ల ఒక మెత్తటి జీవముంటదంట, గాజు తీరు తెల్లగ, గొడుగు తీరు ఉబ్బుతదంట. తాబేలుకు అది తిండి. కవరు నీళ్లల్ల తేలితే అచ్చం గట్లనే కనబడుతదంట. మింగినంక అరగదు, బయటికి రాదు. కడుపు నిండిందనుకొని ఏం తినక సస్తదంట."

"సరే, నువ్వన్న తిను. బువ్వ సల్లారుతుంది."

నేను అంతటితో వదిలేశాను. మరునాడు బడి నుంచి వచ్చి పిల్ల చార్టును చుట్టచుట్టి మూలకు పెట్టింది. ముఖం చూస్తే ఏడుపు ఆపుకొంటోంది. సంగతేమిటంటే, సారు చార్టు చూసి, "పాలమూరుల సముద్రమేడున్నదమ్మా? దానికి మనకు ఏం సంబంధం అని అడుగుతరు, ఏం చెప్తవ్?" అన్నాడట. సోమవారం వనపర్తి నుంచి ఇద్దరు సార్లు చూడడానికి వస్తారు, ఆలోపల మన ఊరికీ సముద్రానికీ ఉన్న సంబంధాన్ని చూపిస్తే సరి, లేకపోతే మొక్కలకు చుక్కచుక్కగా నీళ్లు పెట్టే పైపుల బొమ్మ చేసిన పిల్లలు పోతారని చెప్పాడట. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేనైనా అదే అడిగేదాన్ని.

"కృష్ణ సముద్రానికే పోతది గద అవ్వా?" అంది పిల్ల.

"పోతె పోతది. మనం కృష్ణల ఏమన్న ఏస్తున్నమా?"

పిల్ల నా దిక్కు చూసింది. ఆ ప్రశ్న నేను నిజంగానే అడిగాను. నా మూటలు నాకు గుర్తుకే రాలేదు. దేవుడి సామాను చెత్త ఎట్లా అవుతుంది?

ఆ వారంలోనే పౌర్ణమి వచ్చింది. ట్రాక్టరు మీద అందరం కృష్ణ ఒడ్డుకు పోయాం. పిల్ల కూడా వచ్చింది. శ్రీశైలం కట్ట కట్టినప్పటి నుంచి మా దగ్గర కృష్ణ పారినట్టు కనబడదు, చెరువులా నిలిచి ఉంటుంది. స్నానం చేసి, దీపం వదిలి, తడిచీరతోనే మూట చేతిలోకి తీసుకున్నాను. విసరబోతుంటే పక్క నుంచి కేక.

"ఓ పెద్దమ్మా! జర ఆగు! నీ దేవుని సామాను నా వలల ఎందుకేస్తున్నవ్?"

చూస్తే ఒకామె తన పుట్టి పడవ పక్కన కూర్చొని వల బాగుచేసుకుంటోంది. నడివయసు మనిషి, ఎండకు ఎర్రబడిన జుట్టు. నాకు ఒళ్లు మండింది. నన్ను ఆగమన్నవాళ్లు మా ఊళ్లో లేరు.

"నేను కృష్ణమ్మల ఏస్తున్న. నీ వలల గాదు," అన్నాను.

"కృష్ణమ్మ ఉంచుకుంటదా? అన్ని నాకే పంపుతది. రా, చూద్దువు రా, నీ అసొంటోళ్లు ఇచ్చిన కట్నాలు."

ఆమె వెనక ఒక కుప్ప ఉంది. కవర్లు, పాల పాకెట్లు, చెప్పు, తెగిన వల ముక్కలు. అందులో సగం మూతికట్టిన మూటలే. "చేపలు తక్కువ, దేవుళ్లు ఎక్కువ పడుతున్నరు," అంది. నాతో వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే పిల్ల, "అవ్వా, ఈ వలల తాబేలున్నది!" అని అరిచింది.

వల మడతల్లో జొన్నరొట్టె అంత తాబేలు. కవరు చేతిపట్టీ ఒకటి దాని మెడకూ ముందుకాలికీ కలిపి చుట్టుకుపోయింది. చాలాకాలం కిందే చుట్టుకున్నట్టుంది. పట్టీ సన్నటి తాడులా అయి చర్మంలోకి దిగింది. దాని చుట్టూ మెడ ఉబ్బి ఉంది. మెడను లోపలికి లాక్కోవాలని చూస్తోంది, లాక్కోలేకపోతోంది.

"చేతితోని తెగదు పెద్దమ్మా, పొద్దటి నుంచి చూస్తున్న. కత్తి పెడితే దానికే తగులుతది," అంది ఆమె.

నా నడుముకు వక్కల సంచి ఎప్పుడూ ఉంటుంది, అందులో చిన్న అడకత్తెర. తీశాను. పిల్ల డొప్పను రెండు చేతులా పట్టుకుంది. "మూతి దిక్కు చెయ్యి పెట్టకు బిడ్డా, కొరికితే ఇడువదు," అని ఆమె తలను గుడ్డతో అదిమింది. నేను అడకత్తెర కొనను పట్టీ కిందికి జొనిపి, మెల్లగా నొక్కాను. రెండుసార్లు జారింది. మూడోసారి తెగింది. అది తెగిన చప్పుడు కూడా లేదు, కానీ తాబేలు మెడ ఒక్కసారిగా వదులై లోపలికి పోయింది.  

ఆమె దాన్ని నీళ్లలో వదిలింది. కాసేపు కదలలేదు. తర్వాత ముందుకాలు ఒకటి ఆడించింది, రెండోది ఆడించింది, నీళ్ల కిందికి పోయింది.

"ఇది ఏటి తాబేలు, నా కంట్ల పడింది," అంది ఆమె. "గేట్లెత్తినప్పుడు ఈ కవర్లన్ని కిందికి పోతయి, ఇంగా కిందికి పోతయి. మా తమ్ముడు ఆడ సముద్రం మీద పడవల పనికి పోతడు. గంపలంత తాబేళ్లు ఇసుకల కొట్టుకొచ్చి సచ్చి పడతయంట. కడుపు కోసి చూస్తే కవర్లేనంట. వాటికెవరు కోస్తరు పట్టీలు?"

నేను కుప్ప దిక్కు చూశాను. అప్పుడే పిల్ల కాలు కదిలింది. కుప్పలో దేనినో పాదంతో కప్పింది. వేళ్ల సందు నుంచి పచ్చ పట్టు కనబడింది. దాని మీద మామిడిపిందె.

పిల్ల కిందికి చూడలేదు, నా దిక్కూ చూడలేదు. చేపలామెను, "ఇవి నేను తీసుకపోవచ్చా అత్తా, బడిల చూపేటందుకు?" అని అడిగింది. ఆమె సంతోషంగా గోనెసంచి ఇచ్చింది. నేను చేతిలో ఉన్న ఆ ఏడాది మూటను కొంగు కింద పెట్టుకొని ట్రాక్టరు ఎక్కాను. పక్కింటి కోడలు, "ఏందత్తా, ఏయకనే తెస్తున్నవ్?" అంది. "మర్చిపోయిన," అన్నాను. అబద్ధమని ఆమెకూ తెలుసు.

సోమవారం పొద్దున పిల్ల బడిసంచిలో అన్నం గిన్నె పెడుతుంటే పుస్తకాల కింద మెత్తగా తగిలింది. పచ్చ అంచు మూట. నిరుటిది. మిగతావన్నీ గోనెసంచిలో ఉన్నాయి, ఇది ఒక్కటే వేరుగా, అడుగున దాచింది. నేను ముట్టుకోలేదు. గిన్నె పెట్టి సంచి మూసేశాను. తర్వాత ఇల్లు ఊడ్చాను, అంట్లు తోమాను. ఎంత పని చేసినా కాలు నిలవలేదు. తాళం వేసి బడికి పోయాను. మూడో తరగతి మానేసినాక నేను బడి గడప తొక్కింది అదే మొదలు.

గది నిండా పిల్లలు, గోడవార కొందరు తల్లులు. నేను వెనక చాప మీద కూర్చున్నాను. మా పిల్ల తాబేలు చార్టు గోడకు కట్టి, కింద కవర్లన్నీ పరిచింది. ఏట్లో దొరికినవని, ఇవే సముద్రానికి పోతాయని, తాబేలు మెడ సంగతి, అడకత్తెర సంగతి చెప్పింది. బాగా చెప్పింది. వనపర్తి నుంచి వచ్చిన సార్లలో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మంచిగ చెప్పినవమ్మా. కానీ కృష్ణ కర్ణాటక నుంచి వస్తది. ఇవన్ని పైనుంచి కొట్టుకొచ్చినయి కావచ్చు గద? మీ ఊరివే అని నీకెట్ల తెల్సు?"

  పిల్ల చేయి బడిసంచి మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది. జవాబు ఆ సంచిలోనే ఉంది. తీస్తే వనపర్తి పోతుంది. తీస్తే ఊరంతా చూస్తుంది. ఆ అంచు చీర మా ఊళ్లో నాది ఒక్కటే, అది తెలియని ఆడది లేదు.

"తెల్వదు సార్," అంది పిల్ల మెల్లగా.

పెద్దసారు కాగితం మీద ఏదో రాయబోయాడు. నేను లేచాను. 

"సారు, జర ఆగుండ్రి. దానికి తెల్సు. చెప్తలేదు."

గది అంతా వెనక్కి తిరిగింది.

"సంచిల మూటున్నది, తియ్యి బిడ్డా," అన్నాను.

పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "అవ్వా, వద్దు."

"తియ్యమన్నగద."

తీసి నా చేతికిచ్చింది. బడికి వచ్చేముందు, వేయకుండా తెచ్చిన మూట నుంచి తీసి నా కొంగుకు ముడివేసుకున్న పచ్చ అంచు ముక్కను విప్పి, మూట పక్కన పెట్టి పట్టుకున్నాను. "గిది నాది సారు. కర్ణాటక నుంచి రాలే. నిరుడు పున్నానికి నేనే ఏసిన. నేనే గాదు, మా వీధోళ్లందరికి నేర్పింది గూడ నేనే. ఇంగ అడగనీకి ఏమన్న ఉన్నదా?"

మూడు ముడులు విప్పడానికి నాకే కష్టమైంది. ఏడాది పాటు నీళ్లలో నాని, ఎండలో పడి, వలలో చిక్కినా లోపల అంతా పొడిగా ఉంది. పూలు పొడైపోయాయి గానీ వత్తుల కొసలు అట్లాగే ఉన్నాయి. క్యాలెండర్ బొమ్మ రంగు కూడా పోలేదు. నా బిడ్డ ఎర్రగాజుల ముక్కలు మెరుస్తున్నాయి. కర్పూరం వాసన గది నిండా కమ్మింది. ఇంత గట్టిగా కట్టాను కదా అని ఏడాది కింద మురిసిన ముడే అది. ఏరు దాన్ని విప్పలేకపోయింది. ఇక ఆ తాబేలు ఏం విప్పుతుంది?

ఎవరూ నవ్వలేదు. మా బడి సారు కుర్చీ జరిపి, "కూసోండమ్మా," అన్నాడు. పెద్దసారు మూటను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. "అమ్మా, ఇది కూడ వనపర్తికి పంపుతరా? పేరేం రాయం," అన్నాడు. "పంపుత," అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో పోచమ్మ గుడి దాటాక పిల్ల అడిగింది. 

"ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

"నువ్వెందుకు చెప్పలే?"

"అందరు నిన్ను అంటరని."

"వనపర్తి పోవద్దా నీకు?"

"పోవాలె. గానీ..." అని చేయి పట్టుకుంది. దాని తల్లిని, దాన్ని, ఇంటినిండా మనుషులను నోటితో అదుపులో పెట్టి బతికినదాన్ని నేను. నన్ను కాపాడాలని ఒకరు అనుకుంటారని నాకు ఎప్పుడూ తోచలేదు. పన్నెండేళ్ల పిల్ల, తాను కోరుకున్నది పోగొట్టుకొని, నా మీద మాట పడకుండా పాదం అడ్డం పెట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా దాన్ని తలచుకోకుండా నేను నిద్రపోలేదు.

వనపర్తికి నేనూ పోయాను. బహుమతి ఏదీ రాలేదు. ఒక పెన్ను, ఒక కాగితం ఇచ్చారు. కానీ బల్ల దగ్గర జనం ఆగేవాళ్లు. ఒకామె మూటను వేలితో తాకి, "ఎవరిదమ్మా ఇది?" అంది. పిల్ల నా దిక్కు చూసింది. నేను తలూపాను. "మా అవ్వది. ఆమెనే ఒప్పుకున్నది. గామెనే," అని నన్ను చూపింది. ఆమె నవ్వి, "మా ఇంట్ల గూడ గిట్లనే కడుతం," అంది. తర్వాత ఇంకొకామె అదే మాట అంది. నా ఉపాయం నాకొక్కదానికే తోచిందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఊరికి వచ్చాక ఇల్లిల్లూ తిరిగాను. నేర్పినప్పుడు నోరు ఎట్లా లేచిందో వద్దని చెప్పేటప్పుడూ అట్లాగే లేవాలి కదా. పక్కింటి కోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నిరుడు కవరే మంచిదంటివి. ఇప్పుడు కవరు వద్దంటివి. రేపేమంటవో చెప్పు, ఒకటేసారి చేస్త."

"రేపు గూడ వద్దనే అంట. నేను తప్పు చేసిన, నీకు తప్పు నేర్పిన. తిడితే తిట్టు, మూట మాత్రం గుడ్డల కట్టు."

ఆమె తిట్టలేదు. "నీ నోటెంబడి ఈ మాట విన్న, చాలు," అంది.

మరుసటి కార్తీకానికి పూలూ వత్తుల కొసలూ ఇంటి వెనక మల్లెచెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చాను. అక్కడ ఎవరి కాలూ పడదు. కృష్ణకు ఊరికే స్నానానికి పోయాను. చేపలామె అక్కడే ఉంది. ఆమె కోసం ఉడకబెట్టిన పల్లికాయలు తీసుకుపోయాను, పాత ధోవతి ముక్కలో మూటకట్టి. "పెద్దమ్మా, ఈసారి నీ దేవుడు నా వలల పడలే," అంది.

"ఇంట్లనే ఉన్నడు," అన్నాను.

పల్లికాయలు గంపలో పోసుకొని, గుడ్డను నీళ్లలో జాడించి పిండి, నా చేతికి తిరిగి ఇచ్చింది. నేను దాన్ని భుజం మీద ఆరవేసుకొని మెట్లు ఎక్కాను.